వాస్‌డాల్ పాతకాలపు బాణీ

నార్వే పడమటి కొండల్లో వాస్‌డాల్ లోయ. శనివారం మధ్యాహ్నం. చర్చి వెనక పసుపు ఇంట్లో, గున్వోర్ వంటగది. ఆమె కొడుకు ఒద్వార్ ఆ చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు.

"చెప్పొద్దు. నా మాట విను నాన్నా, చెప్పొద్దు."

"చెప్తానమ్మా. ఇవాళే చెప్తాను. సోమవారం పుస్తకం అచ్చుకి వెళ్లిపోతుంది."

"వెళ్తే వెళ్లనీ. ముందు ఆ తడి సాక్సులు విప్పు. న్యుమోనియా వస్తుంది. మీ నాన్న వాళ్ల బాబాయి అలాగే పోయాడు."

"ఆయన పడవ మునిగి పోయాడమ్మా."

"తడిసే కదా పోయాడు."

"అమ్మా, ఒక్క నిమిషం కూర్చుని విను. కొత్త కీర్తనల పుస్తకం మళ్లీ మళ్లీ వెయ్యరు. ఒకసారి వేస్తే ఒక తరం అంతా అదే పట్టుకుని పాడుతుంది. ప్రతి పాట కిందా ఆ బాణీ ఎవరు కట్టారో చిన్న అక్షరాల్లో వేస్తారు. నా బాణీ కింద ఏం వేస్తున్నారో తెలుసా?"

"ఏం వేస్తే ఏమిటి? బాణీ వేస్తున్నారు కదా."

"'వాస్‌డాల్ పాతకాలపు బాణీ' అని వేస్తున్నారు. పాతకాలపు బాణీ! నేను బతికే ఉన్నాను కదమ్మా!"

"అలాంటి మాటలు అనకు! నిన్న రాత్రి కూడా కల్లో నీ కారు రోడ్డు పక్కకి జారిపోయి..."

"నా కారు బానే ఉంది."

"అయినా ఆ మాట రాసింది ఓస్లోలో పుస్తకం వేసేవాళ్లేం కాదు. నువ్వే. ఆరాధన కాగితం మీద నీ చేత్తో నువ్వే రాసి పెట్టావు."

"ఎందుకు రాశాను?"

"కోపంతో."

"కోపం ఎందుకొచ్చింది?"

"వాఫుల్ తిను. వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. మరీ వేడిగా తినకు, నాలిక కాలుతుంది."

"అమ్మా. పెంతెకొస్తు పండగనాడు ఇదే బాణీ నా పేరుతో వాయించాను. ఇదే. ఒక్క స్వరం కూడా మార్చలేదు. మన సంఘ కమిటీ పెద్ద టారాల్ ఏమన్నాడు?"

"పోనిద్దూ."

"ఏమన్నాడు?"

"చలికాలం పొద్దున్నే ట్రాక్టర్ స్టార్టు చేసినట్టుందన్నాడు."

"వాళ్లావిడ?"

"చెవి మిషను తీసి పర్సులో వేసుకుంది. పాపం, ఆవిడకి ఆ రోజు చెవిలో పోటు..."

"పోటు కాదు. నా బాణీ. తర్వాత క్రిస్మస్‌కి ముందు మళ్లీ అదే బాణీ వాయించాను. నా పేరు తీసేసి, 'వాస్‌డాల్ పాతకాలపు బాణీ' అని వేశాను. అప్పుడేమైంది?"

"ఏడ్చింది."

"ఎవరు?"

"టారాల్ వాళ్లావిడే. వాళ్ల నాయనమ్మ వెన్న చిలుకుతూ ఇదే పాడేదని వెక్కి వెక్కి ఏడ్చింది. అది చూసి వెనక వరసలో వాళ్లూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను."

"నువ్వెందుకు? నేను కట్టానని నీకు తెలుసు కదా!"

"చర్చి అంతా ఏడుస్తుంటే నేనొక్కదాన్నీ గుడ్లప్పగించి కూర్చుంటే అనుమానం రాదూ?"

"సరిపోయింది."

"పైగా ఆవిడ ఏడుపు అబద్ధం కాదు నాన్నా. నిజంగానే ఏడ్చింది. ముక్కు ఎర్రగా అయిపోయింది."

"అదే కదా నా బాధ! నిజంగా ఏడ్చింది. నా బాణీకి ఏడ్చింది. కానీ దండం వాళ్ల నాయనమ్మకి పెట్టింది."

"గొంతు తగ్గించు. కిటికీ తీసి ఉంది."

"ఎక్కడ కట్టానమ్మా ఆ బాణీ? ఫెర్రీ కోసం లైన్లో ఆగి, కార్లో కూర్చుని. బయట మంచువాన. వైపర్ ఒకటి కుంటుతోంది. ఒకసారి సరిగ్గా పోతుంది, రెండోసారి ఈడ్చుకుంటూ పోతుంది. ఆ కుంటి నడకే బాణీకి పట్టుకుంది. ఇప్పుడు మన వాళ్లేమో దాన్ని కవ్వం నడక అంటున్నారు. పక్క లోయ ట్వెర్‌డాల్ వాళ్లు కొడవలి నడక అంటున్నారు. నిరుడు ఎవరో పేపర్లో రాశారు, ఇది మంచుమీద నడిచిన మన తాతల అడుగుల చప్పుడట!"

"ఆ వైపర్ మార్పించావా లేదా?"

"అమ్మా!"

"మంచువానలో వైపర్ సరిగ్గా లేకపోతే ముందు ఏముందో కనిపిస్తుందా? ఎదురుగా లారీ వస్తే?"

"నేను మాట్లాడేది బాణీ గురించి."

"నేను మాట్లాడేది లారీ గురించి."

"వాఫుల్ ఇంకోటి ఇవ్వు. జున్ను ఎక్కడుంది? ఈ ముక్కేంటి, ఇంత సన్నగా, ఇంత అందంగా కోశావు? నీకు ఇలా కోసే అలవాటు లేదే. అమ్మా, సింకులో ఆ కప్పులు మే పదిహేడున జెండా పండక్కి తీసే కప్పులు కదూ?"

"ఏ కప్పులు?"

"అంచుకి బంగారు గీత ఉన్నవి. రెండున్నాయి."

"దుమ్ము పట్టాయని తీశాను."

"కాఫీ మరక ఉంది."

"దుమ్ము పోయిందో లేదో తాగి చూశాను."

"రెండిట్లోనా?"

"ఒకటి పగిలితే ఇంకోటి ఉంటుందని. నువ్వేంటి, పోలీసువా?"

"మరి ఆ వెండి బ్రోచ్ ఎందుకు పెట్టుకున్నావు, వంటింట్లో?"

"కొక్కెం బిగుసుకుపోతుంది. అప్పుడప్పుడూ పెట్టి తీస్తుండాలి. మా అమ్మ చెప్పేది."

"ఎవరొచ్చారమ్మా?"

"ఎవరొస్తారు, ఈ రోడ్లమీద ఈ మంచులో? నీ సంగతి చూసుకో. నువ్వు చెబితే ఏమవుతుందో ఆలోచించావా? ఏమవుతుందో నేను చెప్తాను. ముందు పేపర్లో వేస్తారు. చర్చిలో మోసం అని వేస్తారు. నీ ఫొటో వేస్తారు, గడ్డం గీసుకోనప్పటిది. తర్వాత ఉద్యోగం పోతుంది."

"ఈ లోయకి ఇంకో ఆర్గనిస్టు దొరకడమ్మా. నన్నే పట్టుకోడానికి నాలుగేళ్లు వెతికారు."

"అయితే మరీ ఘోరం. ఉద్యోగం తియ్యరు, నీతో మాట్లాడరు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర నువ్వు ఒక్కడివే ఓ మూల నిలబడతావు. కేకు ఇటు జరపరు. నేను చూస్తూ ఉండాలి."

"ఇప్పుడు మాత్రం ఏం జరుపుతున్నారు?"

"ఇంకో మాట. ఆ బాణీతో ఎంతమందిని సాగనంపావు! వాళ్ల పిల్లలకి ఏం చెప్తావు? మీ నాన్నని ఆ బాణీతోనే కదా దించాం. మట్టి వేస్తుంటే నువ్వు లోపల వాయిస్తున్నావు, తలుపులు తెరిచి పెట్టారు. ఇప్పుడు లేచి, అది కారు వైపర్ చప్పుడు అంటావా?"

"నాన్న నవ్వేవాడు."

"నవ్వేవాడు. ఆయనకేం, ఆయన భయం కూడా నేనే పడ్డాను."

"నాకు ఒక్క గీత కావాలమ్మా. ఒక్కటంటే ఒక్క గీత. 'బాణీ: ఒద్వార్' అని. ఎన్ని కట్టాను! ఈస్టర్‌కి కట్టాను, కోతల పండక్కి కట్టాను. ప్రతిదానికీ ఇది కొత్తగా ఉంది, ఇది కొత్తగా ఉంది అన్నారు. కొత్తగా కట్టింది కొత్తగా ఉండక ఇంకెలా ఉంటుంది? ఈ ఒక్కటీ నిలబడింది. దీనికైనా నా పేరు ఉండొద్దా?"

"ఉండాలి నాన్నా. నాకు తెలీదా?"

"మరి?"

"మరి... అయ్యో, టారాల్ కారు! లోపలికి తిరుగుతోంది. నువ్వు మాట్లాడకు. వాఫుల్ నోట్లో పెట్టుకో. పెద్ద ముక్క పెట్టుకో!"

"గున్వోర్ పెద్దమ్మా! తలుపు తీసే ఉంది, వచ్చేస్తున్నా. ఓహో, ఒద్వార్ కూడా ఇక్కడే ఉన్నాడే!"

"రా టారాల్, రా. కింద చూసుకో, మెట్టు జారుతుంది. సంఘ కమిటీ పెద్దవి కాలు విరగ్గొట్టుకుంటే బిషప్ గారిని రేపు ఎవరు లోపలికి తీసుకెళ్తారు?"

"నాకేం కాదు పెద్దమ్మా. ఇదిగో చూడండి, బోర్డు బొమ్మ. లోయలోకి తిరిగే చోట పెడతాం, మన క్యాంపింగ్ స్థలం దగ్గర. 'బాణీ పుట్టిన లోయకి స్వాగతం.' కింద కవ్వం బొమ్మ. చర్చి గంటలకి కూడా ఆ బాణీయే పెట్టిస్తున్నాం, గంట గంటకీ మోగుతుంది. వెన్న డబ్బాల మీద ఆ పేరు సరేసరి. ఏమంటావు ఒద్వార్?"

"ఊఁ."

"నోట్లో వాఫుల్ ఉంది వాడికి."

"ఇక ట్వెర్‌డాల్ వాళ్లు నోరెత్తలేరు పెద్దమ్మా. ఆ బాణీ మాదీ మాదీ అని ఎంత గోల! వాళ్ల ముసలాయన ఒకడు, వాళ్ల తాత పశువుల్ని కొండమీదికి తోలుకుపోతూ పాడేవాడట. సరే పాడు అన్నారు రాన్వేగ్ మేడమ్. నోరు తెరిచి కూర్చున్నాడు, ఒక్క ముక్క రాలేదు! పుస్తకంలో బాణీల సంగతి ఆవిడదే ఆఖరి మాట కదా. మనకైతే ఏకంగా..."

"టారాల్! జామ్ వేసుకో!"

"వేసుకున్నా పెద్దమ్మా. మనకైతే ఏకంగా..."

"ఇంకొంచెం వేసుకో! ఎర్ర జామ్. అందులో గింజలున్నాయి, గొంతుకి అడ్డం పడతాయి, మాట్లాడకుండా తిను."

"మనకైతే ఏకంగా ఏంటి టారాల్?"

"ఓ. అంటే పెద్దమ్మ ఇంకా నీకు..."

"మన లోయకి ఏకంగా బోర్డు ఉందంటున్నాడు. అంతే కదా టారాల్?"

"అ... అంతే. బోర్డు ఉంది."

"టారాల్, ఒక మాట అడుగుతాను. ఆ బాణీ పాతది కాదనుకో. నేను కట్టాననుకో. అప్పుడు?"

"నువ్వా?"

"నేనే."

"హహ్హహ్హ! ఏమనుకోకు ఒద్వార్. వాయించడం బానే వాయిస్తావు, కాదనను. కానీ కట్టడం... పెంతెకొస్తుకి ఒకటి వాయించావే, గుర్తుందా? అబ్బబ్బ! మా ఆవిడ ఇప్పటికీ దాని గురించి చెప్తుంది. అది నీది. ఇది వేరు. రెండూ పక్కపక్కన పెడితే ఆవుదూడ కూడా చెప్తుంది తేడా."

"రెండూ ఒకటే అయితే?"

"వీడి వేళాకోళాలు చూశారా పెద్దమ్మా! ఒరే, నేను ఈ బాణీ పుట్టకముందు నుంచీ వింటున్నా. అంటే నేను పుట్టకముందు నుంచీ. మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే విన్నా."

"మీ అమ్మ ఈ లోయ మనిషి కాదు కదా? అక్కడెక్కడో ఉత్తరాది నుంచి వచ్చింది. నువ్వు పుట్టాక వచ్చింది."

"అవును."

"మరి?"

"మరేంటి? అంటే ఆ రోజుల్లోనే మన బాణీ అంత దూరం పాకిందన్నమాట! ఇది నాకు తట్టనే లేదు. రాన్వేగ్ మేడమ్‌కి చెప్పాలి. మంచి మాట గుర్తు చేశావు. వస్తాను పెద్దమ్మా. రేపు ఆ బ్రోచ్ మర్చిపోకండి. గొంతు జాగ్రత్త. చల్లటిది తాగకండి. ఒద్వార్‌కి ఆ ఆర్గన్ సంగతి కూడా చెప్పెయ్యండి."

"చెప్తాను, చెప్తాను. మెట్టు చూసుకో!"

"ఏ ఆర్గన్ సంగతి?"

"వెళ్లాడా? కారు స్టార్టయిందా? ఏమో, ఆ బ్రేకులు ఎలా ఉన్నాయో."

"ఏ ఆర్గన్ సంగతమ్మా? గొంతు జాగ్రత్త ఏంటి?"

"దగ్గు వచ్చింది పొద్దున. టారాల్ విన్నాడు."

"టారాల్ పొద్దున కూడా వచ్చాడా?"

"ఒకడే రాలేదు... అంటే, కారు ఒకటే రాలేదు, మంచు కూడా వచ్చింది. నువ్వెక్కడికి వెళ్తున్నావు?"

"ఫోన్ దగ్గరికి. రాన్వేగ్ గారు కింద రేవు దగ్గర హోటల్లోనే ఉన్నారు, రేపు బిషప్ గారి ఆరాధన చూసుకునే వెళ్తారు. ఇప్పుడే చెప్పేస్తాను."

"ఒద్వార్! నాన్నా! మధ్యాహ్నం నిద్రపోతుంటారు. రేపు చెప్పు. సోమవారం చెప్పు. మంగళవారం చెప్పు!"

"హలో... రాన్వేగ్ గారిని పిలుస్తారా?... హలో, రాన్వేగ్ గారూ. నేను వాస్‌డాల్ చర్చి ఆర్గనిస్టుని, ఒద్వార్‌ని... నమస్కారమండీ. శనివారం పూట ఇబ్బంది పెడుతున్నాను. ఆ బాణీ గురించి. అది పాతకాలపుది కాదండీ. అది నేను కట్టాను."

"అయిపోయింది. అంతా అయిపోయింది. ఆ కుర్చీ ఇటు లాగు."

"...నవ్వుతున్నారేంటండీ?... ఏమిటీ? ట్వెర్‌డాల్ ఆర్గనిస్టు కూడానా? తనే కట్టానన్నాడా?... లేదండీ, అతను అబద్ధం చెప్తున్నాడు. నేను నిజం చెప్తున్నాను... అవును... అవునండీ, అతను కూడా అదే మాట అని ఉంటాడు..."

"పెట్టెయ్ నాన్నా. తప్పు నంబర్ అని పెట్టెయ్."

"...ప్రతి లోయలో ఒక ఆర్గనిస్టు ఇలాగే అంటాడా?... కావచ్చండీ, కానీ నా దగ్గర రుజువుంది. వైపర్... వైపర్. కారు వైపర్. అది కుంటుతూ కొట్టేది, ఆ నడకే... ఇప్పుడా? ఇప్పుడు చూపించలేనండీ. నిరుడు మార్పించేశాను."

"మార్పించావా? హమ్మయ్య! ముందే చెప్పొచ్చు కదా."

"...మూలమా? ఏం మూలం?... పాడి వినిపించారా? ఎవరు?... లేదండీ, నాకెవరూ చెప్పలేదు... ఇవాళ పొద్దునా? ఏ ఇల్లు?... చర్చి వెనక... పసుపు రంగు... వెండి బ్రోచ్... పండగ కప్పులు... రాన్వేగ్ గారూ, ఆవిడ మా అమ్మండీ."

"నేను నేలమాళిగలోకి వెళ్లి బంగాళదుంపలు చూసొస్తాను. కుళ్లుతాయేమో."

"కదలకు!... మిమ్మల్ని కాదండీ... అవునా... అవునండీ, ఆవిడ గొంతు... అలాగా... ఎక్కడా లేదా? దేశం మొత్తంలో?... చెడిపోయిన రూపమా? ఏది, నేను వాయించేదా?... కింద నోట్ వేస్తారా... నా పేరుతోనా?... మంచిదండీ... లేదు, రేపు వాయించను. ముట్టుకోను కూడా... ఉంటాను."

"ఏమంది?"

"అమ్మా."

"అరవకు."

"నేను అరవలేదు."

"అరవబోతున్నావు. మెడ దగ్గర నరం లేచింది. మీ తాతకి అలాగే లేచేది."

"పాడావా?"

"పాడాను."

"ఆవిడ రికార్డు మిషన్‌లోకి?"

"పెట్టె టేబుల్ మీద పెట్టింది. చక్రాలు తిరుగుతున్నాయి. షాకు కొడుతుందేమోనని కొంచెం దూరం జరిగి పాడాను."

"ఎవరి దగ్గర నేర్చుకున్నానని చెప్పావు?"

"మా పెద్దత్త రాగ్నిల్ దగ్గర. కొండమీద పశువుల పాకలో, ఎండాకాలం."

"నీకు రాగ్నిల్ అనే అత్త లేదు."

"లేదు కాబట్టే చెప్పాను. ఉన్న మనిషి మీద అబద్ధం చెప్తే పాపం కదూ?"

"ఎందుకమ్మా? ఎందుకు చేశావు ఇది?"

"ఆవిడ వచ్చి కూర్చుంది. టారాల్ దింపి వెళ్లాడు. కాఫీ తాగుతూ అంది కదా, ట్వెర్‌డాల్ ఆర్గనిస్టు సిగ్గులేనివాడు, మన తాతల సొత్తు తనదంటున్నాడు, ఇలాంటివాళ్ల సంగతి పేపర్‌కి ఎక్కిస్తానంది. నువ్వు వారం రోజులుగా ఏం నములుతున్నావో నాకు తెలుసు. నువ్వూ వెళ్లి అదే మాట చెప్తావని తెలుసు. నా కొడుకుని కూడా సిగ్గులేనివాడంటుందని... అందుకే నువ్వు నోరు తెరిచేలోపు నేను తెరిచేశాను."

"నన్ను కాపాడటానికా?"

"మరి ఎవర్ని?"

"ఏమంటోందో తెలుసా ఆవిడ? ఇంతవరకూ తను విన్నవన్నీ ఒక ఎత్తు, నువ్వు ఒక ఎత్తు అంటోంది. రెండో వరసలో పైకెక్కే చోట ఒక స్వరం పట్టుకున్నావట. ఆర్గన్‌లో ఆ స్వరం లేదట. తెల్ల మెట్టుకీ నల్ల మెట్టుకీ మధ్య ఎక్కడో ఉందట. ఆర్గన్లు రాకముందు ఈ దేశం అంతా అలాగే పాడేదట, ఆర్గన్లు వచ్చి దాన్ని చంపేశాయట. నీ ఒక్కదాని గొంతులో బతికుందట. ఏంటమ్మా ఆ స్వరం? నేను అలాంటిది కట్టలేదే."

"కాఫీ."

"ఏం కాఫీ?"

"స్టవ్ మీద కాఫీ కెటిల్ ఉంది. మొదటి వరస బానే పాడాను, నువ్వు వాయించినట్టే. రెండో వరస ఎత్తుకుని పైకి వెళ్తుంటే అది పొంగింది. బుస్సుమంది. ఇల్లు అంటుకుంటుందని నా ప్రాణం ఎగిరిపోయింది. గొంతు ఎక్కడికో పోయింది. ఎక్కడికి పోయిందో నాకేం తెలుసు? ఆవిడేమో కళ్లు మూసుకుంది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. నేను అటు పరిగెత్తలేను, ఇటు ఆపలేను. పాడుతూనే మంట తగ్గించాను."

"కాఫీ పొంగింది."

"స్టవ్ చూడు, ఇంకా మరక ఉంది."

"పుస్తకంలో ఏం వేస్తారో విను. 'వాస్‌డాల్ పాతకాలపు బాణీ. గున్వోర్ పాడగా విన్నది.' దాని కింద నోట్: ఈ బాణీని ఆర్గన్‌తో పాడరాదు. నా పేరు రాదని కదా నా బాధ... నా పేరు వస్తుందమ్మా. వేస్తారు. 'ఒద్వార్ అనే ఆర్గనిస్టు వాయించేది దీని చెడిపోయిన రూపం.'"

"పూర్తి పేరు వేస్తారా?"

"అమ్మా!"

"ఇంటి పేరు లేకపోతే ఇంకెవరో అనుకోవచ్చు. అందుకని అడిగాను."

"రేపు ఆర్గన్ మూత తియ్యొద్దన్నారు. బిషప్ గారి ముందు నువ్వు ఒక్కదానివే నిలబడి పాడతావట. నేను పైన కూర్చుని వినాలి. నా బాణీని నేను చెడగొట్టానని నేనే వినాలి."

"నాన్నా..."

"చెప్పేస్తాను. రేపు అందరి ముందూ లేచి నిలబడి చెప్పేస్తాను. రాగ్నిల్ అత్త లేదు, పాక లేదు, పొంగింది కాఫీ అని."

"చెప్పు."

"ఏంటి?"

"చెప్పు నాన్నా. నీది నీకు రావాలి కదా. నేను ముందు వరసలో ఉంటాను, బిషప్ గారి పక్కన. అందరూ నావైపు తిరుగుతారు. తిరగనీ. ఎంతసేపు చూస్తారు? బయటికి వెళ్లేదాకా చూస్తారు. మీ నాన్న సమాధి మీదుగానే కదా దారి. చూసుకుంటూ వెళ్లిపోతాను."

"ఇలా మాట్లాడితే నేనేం చెప్పను?"

"నేను బెదిరించడం లేదు. నిజంగానే చెప్పమంటున్నాను. అది నీ పాట. నాకు తెలుసు. ఫెర్రీ దిగి తడి కోటుతో వచ్చి ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని పాడావు. బూట్లు కూడా విప్పలేదు. టారాల్ కన్నా ముందు, వాళ్లావిడ కన్నా ముందు, నాకే కదా వినిపించావు. ఏడ్చాను, గుర్తుందా?"

"కారు ఎక్కడో గుద్దేసి వచ్చాననుకుని ఏడ్చావు."

"అది గుమ్మంలో. పాట మొదలెట్టాక ఏడ్చింది వేరు. అప్పుడు చుట్టూ ఎవరూ ఏడవడం లేదు కదా, చూసి ఏడవడానికి."

"తడి సాక్సులు విప్పేశాను, చూడు."

"వాఫుల్ చల్లారిపోయింది. ఇంకోటి వెయ్యనా?"

"వద్దు."

"కోపమా?"

"టారాల్ చర్చి గంటలకి పెట్టించాక ఆ బాణీ గంట గంటకీ మోగుతుందట, విన్నావా? ఏ రూపం మోగుతుందో. గంటల్లో కూడా నీ స్వరం ఉండదు."

"గంటలు పోత పోసి తెస్తారేమో కొత్తగా. మోసే తాడు తెగితే ఎవరి నెత్తిన పడుతుందో, అదో భయం."

"అమ్మా, రేపు ఎలా పాడతావు? ఆవిడ ముందు వరసలో కూర్చుని ఆ స్వరం కోసమే చూస్తూ ఉంటుంది."

"అదే చెప్దామనుకుంటున్నా పొద్దున్నుంచీ. నాకు రావడం లేదు."

"ఏది?"

"ఆ తప్పు. ఆవిడ వెళ్లిన దగ్గర్నుంచీ పాడుతూనే ఉన్నాను. ఎలా పాడినా నువ్వు కట్టినట్టే సరిగ్గా వచ్చేస్తోంది. రేపు సరిగ్గా పాడేశాననుకో, ఇది ఆర్గన్ విని చెడిపోయింది, ఈవిడా దొంగే అంటారు. ఇద్దరి ఫొటోలూ పడతాయి. నేర్పు నాన్నా."

"తప్పు ఎలా నేర్పనమ్మా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు నేర్పుతారు? బాణీలు కట్టేది నువ్వే కదా."

"...సరే. లే. ఎత్తుకో మొదటి వరస."

"ఉండు, ఉండు. ఇలా కాదు. నువ్వు స్టవ్ దగ్గర నిలబడు. కెటిల్ అంచుదాకా నీళ్లు పోసి మంట పెద్దది చెయ్యి. నేను రెండో వరసకి వచ్చేసరికి పొంగాలి. నేను ఎంత అరిచినా సరే, దించకు."